ఈస్ట్రోజెన్ రిసెప్టార్: ఒకే పాకెట్‌లో కూర్చుని ఒకటి ఆన్ చేస్తుంది, ఒకటి ఆఫ్ చేస్తుంది. ఎలా?

పద్మావతిపురం (సోమవారం రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. వచ్చే వారం న్యూక్లియర్ రిసెప్టార్ల (హార్మోన్ల లాంటి అణువుల్ని పట్టుకుని జీన్లని ఆన్, ఆఫ్ చేసే ప్రోటీన్ల) నిర్మాణం మీద సెమినార్ చెప్పాలి. పుస్తకంలో ఉన్నంత వరకు బుర్రకెక్కింది, ఒక్క చోట మాత్రం ఆగిపోయాను.

ఎస్ట్రాడయోల్ (శరీరంలోని ముఖ్యమైన ఈస్ట్రోజెన్ హార్మోన్) ఈస్ట్రోజెన్ రిసెప్టార్ లోపలి పాకెట్‌లో చేరితే జీన్ ఆన్ అవుతుంది. రొమ్ము క్యాన్సర్ మందు టామాక్సిఫెన్ చేరేదీ అదే పాకెట్‌లోకే. "మందు చోటు ఆక్రమిస్తుంది, హార్మోన్‌కి చోటు దొరకదు" అని నోట్సుల్లో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సరే, పాకెట్ నిండింది కదా, మరి రిసెప్టార్ ఎందుకు ఆన్ కాలేదు? పైగా అదే మందు గర్భాశయంలో కొంతవరకు ఈస్ట్రోజెన్‌లాగే పనిచేస్తుందని రాశారు. ఈ రెండూ ఎవరైనా లేచి అడిగితే నా దగ్గర జవాబు లేదు. టెన్షన్‌గా ఉంది. దయచేసి కాస్త వివరంగా చెప్పండి.

యేర్పేడు క్రిస్టల్ (సోమవారం రాత్రి 9:42)

జవాబంతా 12వ హెలిక్స్‌లో (ప్రోటీన్ గొలుసులో స్ప్రింగులా మెలితిరిగిన చివరి ముక్కలో) ఉంది. ప్రోటీన్ డేటా బ్యాంక్ నుంచి 1ఈఆర్‌ఈ, 3ఈఆర్‌టీ అనే రెండు ఫైళ్లు దించుకో. మొదటిదాంట్లో ఎస్ట్రాడయోల్, రెండోదాంట్లో 4-హైడ్రాక్సీటామాక్సిఫెన్ (టామాక్సిఫెన్ శరీరంలో మారే ఒక రూపం) ఉంటాయి. పైమాల్ అనే ప్రోటీన్ బొమ్మల ప్రోగ్రామ్‌లో రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు. ప్రోటీన్ చాలావరకు సరిగ్గా కలిసిపోతుంది, చివరి హెలిక్స్ మాత్రం రెండు వేర్వేరు చోట్ల కనిపిస్తుంది. ముందు అది కళ్లారా చూడు, తర్వాత మాట్లాడుకుందాం.

బైరాగిపట్టెడ మాస్టారు (మంగళవారం ఉదయం 6:15)

అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. క్రిస్టల్ బాబు చెప్పినట్టు ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన చూడకుండా ఈ పాఠం చెప్పకూడదు.

ముందు నేపథ్యం క్లుప్తంగా. ఈస్ట్రోజెన్ పట్టుకునే ప్రోటీన్ ఒకటి ఉందని 1950ల చివర్లో షికాగోలో ఎల్‌వుడ్ జెన్సెన్ ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) తగిలించిన ఎస్ట్రాడయోల్‌తో చూపించాడు. 1985లో రోనాల్డ్ ఎవాన్స్ బృందం గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టార్‌ని, 1986లో పియర్ షాంబోన్ బృందం ఈస్ట్రోజెన్ రిసెప్టార్‌ని క్లోన్ చేశాయి. సీక్వెన్సులు పోల్చి చూస్తే అంతా ఒకే కుటుంబమని తేలింది. మనిషిలో ఇవి 48. ఈ ముగ్గురికీ 2004లో లాస్కర్ బహుమతి వచ్చింది. ఇది ఒక్క స్లయిడ్‌లో దాటెయ్.

ఈస్ట్రోజెన్ రిసెప్టార్ ఆల్ఫాలో 595 అమైనో ఆమ్లాలు. మొదట ఏ/బీ భాగం, దానికి ఒక స్థిరమైన ఆకారం ఉండదు. తర్వాత సీ, అంటే డీఎన్‌ఏని పట్టుకునే భాగం. మధ్యలో డీ అనే కీలు. ఆ తర్వాత 'ఈ', అంటే లిగాండ్‌ని (హార్మోన్ లేదా మందు అణువుని) పట్టుకునే భాగం. చివర్లో చిన్న ఎఫ్.

నీ ప్రశ్న లిగాండ్‌ని పట్టుకునే ఆ 'ఈ' భాగం గురించి. దాదాపు 250 అమైనో ఆమ్లాలు, 12 ఆల్ఫా హెలిక్సులు, మూడు వరసలుగా పేర్చి ఉంటాయి. కింది సగంలో మధ్య వరసకి హెలిక్సులు తక్కువ. అక్కడ మిగిలిన ఖాళీయే పాకెట్. దాని గోడలకి నీళ్లంటే పడని అమైనో ఆమ్లాలు ఉంటాయి కాబట్టి కొవ్వు స్వభావం ఉన్న స్టెరాయిడ్ హాయిగా ఇముడుతుంది. ఖాళీ సుమారు 450 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు, ఎస్ట్రాడయోల్ సుమారు 245. అంటే చుట్టూ జాగా మిగిలే ఉంటుంది. వేరువేరు ఆకారాల మందులు దాంట్లో పట్టడానికి అదొక కారణం.

ఎస్ట్రాడయోల్‌కి రెండు కొసల్లో రెండు హైడ్రాక్సిల్‌లు. ఒక కొసన ఉన్న ఫినాల్ హైడ్రాక్సిల్‌ని గ్లూటమేట్ 353, ఆర్జినిన్ 394, ఒక నీటి అణువు కలిసి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. రెండో కొసని హిస్టిడిన్ 524 పట్టుకుంటుంది. టెస్టోస్టెరాన్‌కి మొదటి కొసన ఫినాల్ లేదు, కీటోన్ ఉంది. పైగా అక్కడే ఒక మిథైల్ గుంపు అడ్డం. అందుకే అది ఇక్కడ సరిగా కుదరదు.

ఇలా ఎస్ట్రాడయోల్ కుదురుకున్నాక 12వ హెలిక్స్ వచ్చి పాకెట్ మీద వాలుతుంది. ఆ చోట వాలితేనే 3, 5, 12 హెలిక్సుల మధ్య బయటివైపు ఒక గాడి తయారవుతుంది. కోయాక్టివేటర్ ప్రోటీన్లలో (జీన్ ఆన్ కావడానికి తోడ్పడేవి) ల్యూసిన్, ఏవైనా రెండు, మళ్లీ ల్యూసిన్, ల్యూసిన్ అనే వరస ఉన్న పొట్టి హెలిక్స్ ఉంటుంది. అది వచ్చి ఈ గాడిలో కూర్చుంటుంది. ఒక చివర లైసిన్ 362, ఇంకో చివర గ్లూటమేట్ 542 దాన్ని బిగించి పట్టుకుంటాయి. కోయాక్టివేటర్ వస్తేనే హిస్టోన్‌లకి (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్లకి) ఎసిటైల్ గుంపులు తగిలించే ఎంజైములు వస్తాయి, జీన్ చదవడం మొదలవుతుంది.

టామాక్సిఫెన్‌కి ఒక పొడుగు పక్కగొలుసు ఉంది, దాని చివర డైమిథైల్ అమైన్. అది పాకెట్‌లో పట్టదు, 3, 11 హెలిక్సుల సందులోంచి బయటికి పొడుచుకొస్తుంది. సరిగ్గా 12వ హెలిక్స్ వాలవలసిన చోటే. ఇక అది అక్కడ ఎలా వాలుతుంది?

చిత్తూరు మందుల షాపు (మంగళవారం ఉదయం 10:20)

మాస్టారూ, నేను బీఫార్మసీ చదివి పదిహేనేళ్లు దాటింది, ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు. అంటే టిఫిన్ బాక్స్‌లో గరిటె కాడ బయటికి వచ్చి మూత పడనట్టు, అంతేనా?

యేర్పేడు క్రిస్టల్ (మంగళవారం మధ్యాహ్నం 1:35)

అన్నా, సగం వరకు సరిపోతుంది. కానీ మూత పడకపోతే పక్కన ఊరికే తెరుచుకుని ఉంటుంది కదా, 12వ హెలిక్స్ అలా ఊరికే ఉండదు. అసలు కథ ఇక్కడే ఉంది.

టామాక్సిఫెన్ ఉన్న బొమ్మలో ఆ హెలిక్స్ తిరిగి వెళ్లి కోయాక్టివేటర్ కూర్చోవలసిన గాడిలోనే కూర్చుంటుంది. ఎలాగంటే, దాంట్లో 540 నుంచి 544 వరకు సీక్వెన్స్ చదువు: ల్యూసిన్, ల్యూసిన్, గ్లూటమేట్, మెథియోనిన్, ల్యూసిన్. మాస్టారు చెప్పిన కోయాక్టివేటర్ వరసతో పోల్చు. నాలుగో చోట ల్యూసిన్‌కి బదులు మెథియోనిన్, అంతే తేడా. రిసెప్టార్ సొంత హెలిక్సే కోయాక్టివేటర్ వరసకి దగ్గరగా ఉండి గాడిని మూసేస్తుంది. బిగించి పట్టుకోవలసిన గ్లూటమేట్ 542 కూడా ఈ హెలిక్స్‌లోదే కాబట్టి అదీ చోటు తప్పిపోయింది. అంటే దెబ్బ రెండు వైపుల నుంచి.

ఇదే తరహా మందు రాలాక్సిఫెన్‌తో ఉన్న నిర్మాణం 1997లో, టామాక్సిఫెన్‌ది 1998లో వచ్చాయి. అంతకు ముందే, 1995లో, ఇదే కుటుంబంలోని రెండు రిసెప్టార్లవి, లిగాండ్ లేని ఆర్‌ఎక్స్‌ఆర్, లిగాండ్ ఉన్న ఆర్‌ఏఆర్ నిర్మాణాలు వచ్చి, ఈ హెలిక్స్ కదులుతుందన్న ఆలోచన మొదలైంది.

పద్మావతిపురం, నీ మొదటి ప్రశ్నకి జవాబు ఇదే. మందు చోటు ఆక్రమించడం కాదు, రిసెప్టార్ ఆకారాన్నే ఇంకో రకంగా నిలబెడుతుంది.

స్వర్ణముఖి (మంగళవారం రాత్రి 8:05)

నేను సైన్స్ చదవలేదు. శ్రీకాళహస్తిలో ఉంటాం. మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక టామాక్సిఫెన్ రాశారు, వాడుతోంది. డాక్టరమ్మ ప్రతిసారీ "రక్తస్రావం కనబడితే వెంటనే రండి, గర్భాశయం చూడాలి" అంటారు. మీరు పైన రాసినదాన్ని బట్టి ఈ మందు ఆ ప్రోటీన్‌ని ఆపేస్తుంది కదా. మరి గర్భాశయానికి భయం ఎందుకు? అర్థమయ్యేలా చెప్పగలరా?

బైరాగిపట్టెడ మాస్టారు (మంగళవారం రాత్రి 9:30)

స్వర్ణముఖి గారూ, మీ డాక్టరమ్మ చెప్పింది నూటికి నూరు పాళ్లు సరైన మాట, అది తప్పక పాటించండి. కారణం చెబుతాను.

ఈ ప్రోటీన్‌కి పని చేయించే చోట్లు రెండు. ఒకటి ఇప్పటిదాకా మాట్లాడుకున్న 12వ హెలిక్స్ దగ్గర. రెండోది ప్రోటీన్ మొదట్లో ఉన్న ఏ/బీ భాగంలో. టామాక్సిఫెన్ ఆపేది మొదటిదాన్ని మాత్రమే. రెండోదాన్ని ముట్టుకోదు. మందు పట్టిన రిసెప్టార్ అప్పటికీ వెళ్లి డీఎన్‌ఏ మీద కూర్చుంటుంది.

రొమ్ము కణాల్లో ఆ రెండో చోటుకి ఆసరా తక్కువ. పైగా ఎన్‌కోర్, స్మర్ట్ అనే కోరిప్రెసర్లు వచ్చి రిసెప్టార్‌కి అతుక్కుని జీన్‌ని మూసేస్తాయి. గర్భాశయం లోపొర కణాల్లో ఎస్‌ఆర్‌సీ-1 లాంటి కోయాక్టివేటర్లు ఎక్కువ. అవి ఆ రెండో చోటు ఆధారంగా వచ్చి చేరతాయి, దాంతో ఆ కణాల్లో కొన్ని జీన్లు ఆన్ అవుతాయి. ఎముకల్లోనూ ఈ మందు ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుంది. నెలసరి ఆగిపోయిన వాళ్లకి అది మేలే. ఒకే మందు, ఒకే రిసెప్టార్, పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి ఫలితం.

భయపడి మందు మానేయకండి. అమ్మగారికి దానివల్ల జరిగే మేలు ఆ ప్రమాదం కంటే చాలా పెద్దది కాబట్టే రాశారు.

స్వర్ణముఖి (మంగళవారం రాత్రి 9:52)

చాలా సంతోషం మాస్టారూ. అమ్మకి చదివి వినిపించాను. "ఇన్నాళ్లకి ఎవరో ఒకరు కారణం చెప్పారు" అంది.

చిత్తూరు మందుల షాపు (బుధవారం ఉదయం 9:15)

అక్కా, ఇంకో మాట. టామాక్సిఫెన్‌ని లివర్‌లో సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ ఎండాక్సిఫెన్‌గా మార్చాలి, గట్టిగా పనిచేసేది అదే. పారాక్సెటీన్, ఫ్లుఆక్సెటీన్ లాంటి డిప్రెషన్ మందులు ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ అయితే టామాక్సిఫెన్ మోతాదుని రక్తంలో బాగా పడగొట్టేస్తుంది. అమ్మకి ఎవరు ఏ మందు రాసినా ముందు టామాక్సిఫెన్ సంగతి చెప్పండి.

మాస్టారూ, రిఫాంపిసిన్ అలా చెయ్యడానికి కారణం కూడా ఒక న్యూక్లియర్ రిసెప్టారే అని విన్నాను. నిజమేనా?

యేర్పేడు క్రిస్టల్ (బుధవారం మధ్యాహ్నం 2:10)

నిజమే అన్నా, దాని పేరు పీఎక్స్‌ఆర్. ఈస్ట్రోజెన్ రిసెప్టార్ పాకెట్‌తో పోలిస్తే దాని పాకెట్ చాలా పెద్దది, 1,100 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లకి పైమాటే. గోడల్లో వంగే లూపులు ఉండటంతో వచ్చిన అణువుని బట్టి సర్దుకుంటుంది. రిఫాంపిసిన్ అణుభారం 823, అంత పెద్ద అణువు కూడా పడుతుంది. పట్టగానే లివర్‌లో సీవైపీ3ఏ4 ఎంజైమ్ తయారీ పెరుగుతుంది. ఆ ఎంజైమ్ రక్తంలోని ఇతర మందుల్ని విరిచేస్తుంది. గర్భనిరోధక మాత్రలు టీబీ మందులతో పాటు వాడితే పనిచేయకపోవడానికి కారణం ఇదే.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉన్నది ఎన్‌యూఆర్‌ఆర్1 అనే రిసెప్టార్. అది కూడా ఇదే కుటుంబం, అవే 12 హెలిక్సులు. కానీ 2003లో నిర్మాణం చూస్తే మామూలుగా లిగాండ్ ఉండే చోట అసలు ఖాళీయే లేదు, పెద్ద పెద్ద పక్కగొలుసులతో నిండిపోయి ఉంది. పద్మావతిపురం, ఈ మూడు పాకెట్లు ఒకే స్లయిడ్‌లో పెట్టు.

పుత్తూరు కట్టు (బుధవారం సాయంత్రం 5:40)

మా ఊరికి విరిగిన ఎముకలు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కట్టుతో పాటు గుగ్గులు మాత్రలు వాడేవాళ్లు చాలామంది. గుగ్గులు కొలెస్టరాల్ తగ్గిస్తుందని, అది కూడా ఇలాంటి రిసెప్టార్ మీదే పనిచేస్తుందని ఎవరో చెప్పారు. ఇది నిజమేనా?

బైరాగిపట్టెడ మాస్టారు (బుధవారం రాత్రి 7:20)

సగం నిజం సామీ. గుగ్గులులోని గుగ్గుల్‌స్టిరోన్ ఎఫ్‌ఎక్స్‌ఆర్ అనే పిత్త ఆమ్లాల రిసెప్టార్‌ని అడ్డుకుంటుందని 2002లో తేలింది. పత్రికల్లో చాలా హడావుడి జరిగింది. 2003లో అమెరికాలో మనుషుల మీద పరీక్ష చేస్తే చెడ్డ కొలెస్టరాల్ తగ్గలేదు, కాస్త పెరిగింది. ఆ తర్వాత పనుల్లో ఇది ఇంకా చాలా స్టెరాయిడ్ రిసెప్టార్లకి అతుక్కుంటుందని, క్రిస్టల్ బాబు చెప్పిన పీఎక్స్‌ఆర్‌ని కూడా లేపుతుందని కనుక్కున్నారు. అందుకే చెబుతున్నాను, టామాక్సిఫెన్ లాంటి మందు వాడేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా గుగ్గులు ముట్టకూడదు. స్వర్ణముఖి గారూ, ఇది మీకూ వర్తిస్తుంది.

పలమనేరు పశువైద్యుడు (బుధవారం రాత్రి 10:05)

మా దగ్గర పాడి ఎక్కువ, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు వాడని రోజు ఉండదు. చూడి ఆవుకి నెలలు నిండే దశలో అది ఇస్తే ముందే ఈనేస్తుందని మాకు ఫైనలియర్‌లోనే గట్టిగా చెబుతారు. మాస్టారూ, కార్టిసాల్‌తో పోలిస్తే ఇది అంత కొద్ది మోతాదులో ఎందుకు పనిచేస్తుంది? పాకెట్ ఒకటే కదా?

బైరాగిపట్టెడ మాస్టారు (గురువారం ఉదయం 6:30)

డాక్టర్ గారూ, పాకెట్ ఒకటే. డెక్సామెథాసోన్‌లో 9వ కార్బన్ దగ్గర ఒక ఫ్లోరిన్, 16వ కార్బన్ దగ్గర ఒక మిథైల్, మొదటి రింగులో అదనంగా ఒక డబుల్ బాండ్ ఉన్నాయి. వీటివల్ల గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టార్‌కి గట్టిగా పట్టుకుంటుంది, శరీరంలో త్వరగా విరిగిపోదు. ఆ మిథైల్ వల్ల ఉప్పుని పట్టి ఉంచే మినరలోకార్టికాయిడ్ రిసెప్టార్ మీద ప్రభావం బాగా తగ్గింది. దీని నిర్మాణం 2002లో వచ్చింది, దాంట్లో 12వ హెలిక్స్ ఆన్ చోటులోనే ఉంది. అదే రిసెప్టార్‌కి దాన్ని అడ్డుకునే మందు మిఫెప్రిస్టోన్ ఇస్తే దాని పక్కగొలుసు ఆ హెలిక్స్‌ని నెట్టేస్తుంది. టామాక్సిఫెన్ ఉపాయమే.

ఒక తేడా చెప్పాలి. ఈ రిసెప్టార్ హార్మోన్ వచ్చేదాకా సైటోప్లాజంలో హెచ్‌ఎస్‌పీ90 అనే ప్రోటీన్‌తో కలిసి ఉంటుంది. హార్మోన్ పట్టాక న్యూక్లియస్‌లోకి వెళుతుంది. థైరాయిడ్ రిసెప్టార్ అయితే మొదటి నుంచీ న్యూక్లియస్‌లో డీఎన్‌ఏ మీదే కూర్చుని, హార్మోన్ లేనప్పుడు కోరిప్రెసర్‌ని పట్టుకుని జీన్‌ని మూసి ఉంచుతుంది.

పద్మావతిపురం (గురువారం సాయంత్రం 6:50)

అందరికీ ధన్యవాదాలు. రెండు ఫైళ్లూ పైమాల్‌లో పెట్టి చూశాను. 12వ హెలిక్స్‌కి ఒకదాంట్లో ఎరుపు, ఇంకోదాంట్లో నీలం వేస్తే తేడా ఎంత స్పష్టంగా ఉందో! ఫినాల్ కొస దగ్గర గ్లూటమేట్, ఆర్జినిన్ రెండు బొమ్మల్లోనూ కదల్లేదు. మందు కూడా ఆ కొసన హార్మోన్‌లాగే పట్టుకుని ఉంది.

ఇంకో సందేహం. ఆల్ఫాఫోల్డ్‌లో (సీక్వెన్స్ చూసి నిర్మాణాన్ని అంచనా వేసే ప్రోగ్రామ్) మొత్తం ప్రోటీన్ తెరిస్తే మొదటి 180 అమైనో ఆమ్లాలు నారింజ రంగు పోగుల్లా గాల్లో తేలుతున్నాయి. పూర్తి నిర్మాణం కాబట్టి అదే చూపించమంటున్నారు ఫ్రెండ్స్. చూపించొచ్చా?

యేర్పేడు క్రిస్టల్ (గురువారం రాత్రి 8:15)

చూపించు, కానీ ఆ రంగు అర్థం కూడా చెప్పు. నారింజ అంటే నమ్మకం 50 కంటే తక్కువ అని ఆ ప్రోగ్రామే చెబుతోంది. ఏ/బీ భాగానికి స్థిరమైన ఆకారం లేదు కాబట్టి అలా వస్తుంది. ఇంకా ముఖ్యమైనది, ఆ బొమ్మలో లిగాండ్ లేదు. 12వ హెలిక్స్ ఏదో ఒక చోట కనబడుతుంది, అదే దాని స్థానం అని చూసేవాళ్లు అనుకుంటారు. ఈ కుటుంబం గురించి అసలు చెప్పవలసిందే ఆ హెలిక్స్‌కి ఒక్క స్థానం లేదని కదా. అందుకే ఒక్క బొమ్మతో ఈ ప్రోటీన్‌ని చూపిస్తే నాకు ఒప్పదు.

డీఎన్‌ఏతో కలిపి దాదాపు మొత్తం కావాలంటే ఇదే కుటుంబంలోని పీపీఏఆర్ గామా, ఆర్‌ఎక్స్‌ఆర్ ఆల్ఫాల జంట నిర్మాణం 2008లో వచ్చింది, ఫైలు పేరు 3డీజెడ్‌వై. దాంట్లో కూడా ఏ/బీ భాగాలు కనబడవు.

పద్మావతిపురం (గురువారం రాత్రి 8:40)

డీఎన్‌ఏ భాగానికి ఐదు నిమిషాలే ఉంది. ఒక్క విషయం చెప్పాలంటే ఏది చెప్పమంటారు మాస్టారూ?

బైరాగిపట్టెడ మాస్టారు (గురువారం రాత్రి 9:25)

మూడు అమైనో ఆమ్లాల సంగతి చెప్పు. సీ భాగంలో రెండు జింక్ అణువులు, ఒక్కొక్కదాన్ని నాలుగు సిస్టీన్‌లు పట్టుకుంటాయి. మొదటి జింక్ పక్కనున్న హెలిక్స్ డీఎన్‌ఏ పెద్ద గాడిలోకి దిగి అక్షరాలు చదువుతుంది. ఈస్ట్రోజెన్ రిసెప్టార్ వెతికేది ఏజీజీటీసీఏ, గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టార్ వెతికేది ఏజీఏఏసీఏ. ఆ హెలిక్స్ దగ్గర ఈస్ట్రోజెన్ రిసెప్టార్‌లో గ్లూటమేట్, గ్లైసిన్, అలనిన్ ఉంటాయి, రెండోదాంట్లో గ్లైసిన్, సెరిన్, వాలిన్. ఈ మూడూ మారిస్తే ఒకటి వెళ్లి రెండోదాని జీన్ల దగ్గర కూర్చుంటుందని 1989లో చూపించారు. ఇంత పెద్ద ప్రోటీన్‌లో చిరునామా ఆ మూడింటి దగ్గరే ఉంది. రిసెప్టార్లు జంటగా కూర్చోవడం, అవి చదివే రెండు డీఎన్‌ఏ వరసల మధ్య ఖాళీ 3, 4, 5 అక్షరాలైతే వరసగా విటమిన్ డీ, థైరాయిడ్, రెటినోయిక్ ఆమ్లం రిసెప్టార్లు అన్న నియమం ఎవరైనా అడిగితే చెప్పు, లేకపోతే వదిలెయ్.

స్వర్ణముఖి (శుక్రవారం ఉదయం 11:10)

మాస్టారూ, మళ్లీ ఇబ్బంది పెడుతున్నాను. మా పిన్నికి కూడా ఇదే జబ్బు, ఎముకలకి పాకింది. లెట్రోజోల్ వాడుతున్నా ఆగలేదని రక్తం పరీక్ష పంపారు. రిపోర్టులో "ఈఎస్‌ఆర్1 వై537ఎస్" అని ఉంది. ఇది మీరు చెప్పే రిసెప్టార్‌కి సంబంధించిందేనా?

బైరాగిపట్టెడ మాస్టారు (శుక్రవారం మధ్యాహ్నం 12:45)

ఇబ్బంది ఏముందమ్మా. సంబంధించిందే. ఈఎస్‌ఆర్1 అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టార్ ఆల్ఫా జీన్. వై537ఎస్ అంటే 537వ చోట టైరోసిన్ పోయి సెరిన్ వచ్చింది. క్రిస్టల్ బాబూ, ఇది నువ్వు చెబితే బాగుంటుంది.

యేర్పేడు క్రిస్టల్ (శుక్రవారం మధ్యాహ్నం 1:30)

అక్కా, 537 అంటే 12వ హెలిక్స్ మొదలయ్యే మలుపు. అక్కడికి వచ్చిన సెరిన్ పక్కనే ఉన్న ఆస్పార్టేట్ 351తో హైడ్రోజన్ బంధం వేసుకుంటుంది. దాంతో హార్మోన్ లేకపోయినా హెలిక్స్ ఆన్ చోటులోనే నిలబడిపోతుంది. పక్కనున్న డీ538జీ అనే మార్పుతో కూడా రిసెప్టార్ హార్మోన్ లేకుండానే పనిచేస్తుంది. లెట్రోజోల్ చేసేది శరీరంలో ఈస్ట్రోజెన్ తయారీని ఆపడం. హార్మోన్ అవసరమే లేని రిసెప్టార్‌కి అది ఆగినా ఆగకపోయినా తేడా లేదు. పిన్నిగారు మందు సరిగా వేసుకోలేదని ఎవరూ అనుకోకూడదు.

ఇలాంటప్పుడు రిసెప్టార్‌నే విరిగిపోయేలా చేసే మందులు ఉన్నాయి. ఫుల్వెస్ట్రాంట్ ఇంజెక్షన్ 2002 నుంచి వాడకంలో ఉంది. ఈఎస్‌ఆర్1 మార్పు ఉన్నవాళ్ల కోసం ఎలాసెస్ట్రాంట్ అనే మాత్రకి 2023 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది. పిన్నిగారికి ఏది సరిపోతుందో ఆంకాలజిస్టే చెప్పాలి. ఆ రిపోర్టు తీసుకెళ్లి, వై537ఎస్ ఉంది కాబట్టి మందు మార్చాలా అని నేరుగా అడగండి.

స్వర్ణముఖి (శుక్రవారం మధ్యాహ్నం 1:48)

సోమవారం అపాయింట్‌మెంట్ ఉంది తమ్ముడూ. ఈ రెండు మందుల పేర్లు కాగితం మీద రాసుకున్నాను, అడుగుతాను.

చిత్తూరు మందుల షాపు (శుక్రవారం మధ్యాహ్నం 2:20)

అక్కా, ఫుల్వెస్ట్రాంట్ రాస్తే ఒక్కో డోసు రెండు ఇంజెక్షన్లుగా, రెండు పిరుదులకీ ఇస్తారు. మొదటి నెలలో పదిహేను రోజుల తేడాతో మూడుసార్లు ఉంటుంది, ఆ తర్వాత నెలకొకసారి. ఫ్రిజ్‌లో పెట్టవలసిన మందు, తెచ్చేటప్పుడు ఐస్ బాక్స్ అడగండి.